ఎడమచేతి ఉంగరం వేలు

బుక్ బైండరు దుకాణం వెనక గదిలో ప్రతి ఆదివారం పొద్దున ఆరుగురు కలిసేవారు. వాళ్ళను కలిపింది చుట్టరికమూ కాదు, ఉద్యోగమూ కాదు. మెకానికల్ కీబోర్డుల పిచ్చి. ఒక్కో మీట కింద ఒక్కో స్ప్రింగు ఉండి, నొక్కినప్పుడల్లా తనదైన చప్పుడు చేసే కీబోర్డులవి. వాటిని విప్పడం, తుడవడం, నూనె రాయడం, మళ్ళీ బిగించి చెవి ఒగ్గి వినడం. వారంలో ఎవరికి ఏ చిన్న సంగతి తెలిసినా ఆదివారం దాకా కడుపులో దాచుకుని తెచ్చేవారు. వెనకవైపు కాగితం టేపు రెండు పొరలు అంటిస్తే మోత మెత్తబడుతుందని బైండరు కనిపెట్టాడు. స్ప్రింగులన్నీ ఒక సంచిలో వేసి, నాలుగు చుక్కల నూనె పోసి కుదిపితే ఒక్కోదానికీ విడిగా రాయనక్కర్లేదని పళ్ళడాక్టరమ్మ చెప్పిన రోజున గదిలో చప్పట్లు మోగాయి.

అందరికన్నా చిన్న సంగతులు పట్టేది చీమ. ఆస్పత్రి డాక్టర్లు రికార్డు చేసి పంపే మాటలు విని, ఇంట్లోనే కూర్చుని రిపోర్టులు టైపు చేయడం ఆమె ఉద్యోగం. నలుసంత తేడా కూడా ఆమె కన్ను దాటిపోదని స్నేహితులు ఆ పేరు పెట్టారు.

"ఆ మీటలకి ఒక్కోదానికీ నూనె రాస్తున్నావు, నా మోకాళ్ళ వంతు ఎప్పుడొస్తుందే?" అనేది అత్తగారు.

"వాటికి చప్పుడు తగ్గాలని రాస్తున్నానత్తయ్యా. మీ మోకాళ్ళు చప్పుడు చేయవు, మీరే చేస్తారు," అనేది చీమ. ఇద్దరూ నవ్వుకునేవారు.

ఆ ఆరుగురిలో పియానో మాష్టారు ఒక్కడే కీబోర్డు కొనడు, విప్పడు. పియానోలకు శ్రుతి చేయడం ఆయన వృత్తి. పుట్టుకతోనే చూపు లేదు. ఆదివారం ఆయన వినడానికి మాత్రమే వచ్చేవాడు. ఎవరు టైపు చేస్తున్నా రెండు నిమిషాల్లో పేరు చెప్పేసేవాడు. "మనిషికి నడక ఉన్నట్టే చేతికీ ఒక నడక ఉంటుంది. దాన్ని ఎవరూ దాచలేరు," అనేవాడు. ఆయన భార్య పోయి మూడేళ్ళయింది. ఆమె సంగతి ఆయన ఎత్తేవాడు కాదు, వీళ్ళూ అడిగేవారు కాదు.

ఒక రోజు చీమకు పాత సామాన్ల కొట్లో, విరిగిన ఫ్యాన్ల కింద ఒక కీబోర్డు దొరికింది. రుబ్బురోలు పొత్రమంత బరువు. మీగడ రంగు పసుపుకు తిరిగింది. ఇంటికి తెచ్చి, మీటలన్నీ పీకి సబ్బునీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి, మళ్ళీ పేర్చింది. అప్పుడు కనబడిందామెకు. ఏళ్ళ తరబడి వాడిన కీబోర్డు మీద అక్షరాలు అరిగి, మీటలు నున్నగా మెరుస్తాయి. ఇందులోనూ అంతే, మూడు మీటలు తప్ప. ఎడమచేతి ఉంగరం వేలు నొక్కవలసిన ఆ మూడు మీటల నడినెత్తిన అక్షరాలు నిన్న అచ్చేసినట్టున్నాయి. వాటి కుడి అంచు మాత్రం, పక్కవేలు వాలి తాకినట్టు, చంద్రవంకలా అరిగింది.

"దీన్ని వాడిన మనిషికి ఎడమచేతి ఉంగరం వేలు ఉండి ఉండదు. లేదా వంగదు," అని ఆ ఆదివారం చెప్పింది. అందరూ కీబోర్డును చేతులు మార్చుకుంటూ వెలుతురులో తిప్పి చూశారు. ఈ ఏడాదికి ఇదే గొప్ప సంగతన్నారు. మాష్టారు ఆ వారం రాలేదు. ఏదో సంగీతశాలలో పని ఉండి మరో ఊరు వెళ్ళాడు.

ఆ కీబోర్డు మీద చీమకు పని బాగా సాగింది. వేళ్ళు వాటంతటవే దారి పట్టేవి. మూడు వారాల తరవాత మాష్టారు ఊరినుంచి తిరిగొచ్చాడు. ఆయన గదిలోకి అడుగుపెట్టేసరికి చీమ టైపు చేస్తోంది. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎవరది?" అన్నాడు.

"నేనే మాష్టారూ, చీమని."

"నువ్వు కాదు. ఆ టైపు చేసేది ఎవరమ్మా?"

"నేనే కదండీ."

ఆయన పెదవులు పాలిపోయాయి. చేతికర్రతో గోడ వెతుక్కుంటూ వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

మర్నాడు చీమకు ఆమె పైఅధికారి ఫోన్ చేసింది. "ఏమ్మా, ఒంట్లో బాగానే ఉందా? ఊపిరితిత్తుల ఎక్స్‌రే రిపోర్టు చివర 'గొడుగు తీసుకెళ్ళారా?' అని ఉందేంటి? డాక్టరు గారు ఒకటే నవ్వు."

చీమకు నవ్వు రాలేదు. ఆ వాక్యం టైపు చేసినట్టు ఆమెకు గుర్తే లేదు. మూడు వారాల రిపోర్టులూ తెరిచి వెతికింది. మరో నాలుగు దొరికాయి. 'పాలు పొంగాయి, మీ చెవులు ఎక్కడున్నాయి?' 'ఇవాళ మెట్లు కడిగారు, జారతాయి.' 'ఆ చొక్కా తిరగేసి తొడుక్కున్నారు.' నాలుగోది ఒక పసిపిల్ల గుండె రిపోర్టు మధ్యలో ఉంది: 'మాట్లాడరేం?'

ఆ మాటలు చదువుతూ తన చేతుల వైపు చూసుకుంది. ఎడమచేతి ఉంగరం వేలు పైకి లేచి, గాలిలో బిగుసుకుని ఉంది. దించబోయింది. దిగలేదు. కుడిచేత్తో పట్టుకుని వంచబోతే అది కుళాయి గొట్టంలా చల్లగా తగిలింది.

మాష్టారుకు ఫోన్ చేసి ఆ అయిదు వాక్యాలూ చదివి వినిపించింది. "మధ్యాహ్నం మీ ఇంటికొస్తాను. ఆ కీబోర్డు ముట్టుకోకు," అన్నాడాయన.

చెప్పినట్టే వచ్చాడు. చీమ భర్త పనికి వెళ్ళాడు. ఇంట్లో అత్తగారు ఉంది. ఆమె ఇచ్చిన మంచినీళ్ళు తాగి, గ్లాసు రెండు చేతుల్లో పట్టుకునే మాష్టారు చెప్పడం మొదలుపెట్టాడు.

"అది మా ఆవిడ చెయ్యి. చిన్నప్పుడు తలుపుసందులో పడి ఆ వేలు బిగుసుకుపోయింది. నా ఉత్తరాలన్నీ తనే టైపు చేసేది. ఇరవై రెండేళ్ళు పక్కగదిలోంచి వింటూ వింటూ, ఏ చప్పుడు ఏ అక్షరమో నాకు తెలిసిపోయింది. తర్వాత అదే మా ఇద్దరి భాషయింది. చుట్టాలుండగా నన్ను తిట్టాలంటే లోపల కూర్చుని టైపు చేసేది. నేను వాళ్ళ ముందే నవ్వేవాణ్ణి. తను పోయాక మా అక్కయ్య ఇల్లు సర్దింది. కీబోర్డు ఏమైందని నేను అడగలేదు. అడిగుండాల్సింది."

అత్తగారు ముక్కున వేలేసుకుంది. అంతసేపూ చీమ చెయ్యి ఒళ్ళో కుదురుగా ఉండలేదు.

"ఒక్కసారి టైపు చెయ్యమ్మా. నీకు భయమైతే వద్దు," అన్నాడు మాష్టారు.

భయమే. కానీ ఆయన మొహం చూశాక కాదనడానికి నోరు రాలేదు. తెర ముందు కూర్చుని, కళ్ళు మూసుకుని వేళ్ళు ఆనించింది. అవి కదిలాయి. చకచకా కొన్ని మీటలు, ఒక తడబాటు, మళ్ళీ కొన్ని. తెర చూడలేని మాష్టారు చప్పుడు ఆగకముందే చెప్పాడు:

"'బక్కచిక్కారు.' అంతేనా అమ్మా?"

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని తెర దగ్గరికి వంగింది. "అక్షరం పొల్లుపోకుండా అదే," అంది.

"నా వంట నేనే చేసుకుంటున్నా కదే. ఎలా ఉంటానంటావు?" అన్నాడాయన గాలిలోకి.

వేళ్ళు మళ్ళీ పరుగెత్తాయి. ఆయన నవ్వాడు. ఏదో అన్నాడు. మళ్ళీ చప్పుడు. పక్కింటి గొళ్ళెం గురించి, ఎవరికో ఇవ్వకుండా ఉండిపోయిన శాలువా గురించి, మొగుడూపెళ్ళాలు మాట్లాడుకునే మామూలు మాటలు. చీమకు మోచేతుల నుంచి కింద తన చేతులు ఉన్నట్టే తెలియడం లేదు. మంచినీళ్ళు కావాలని అడగబోయింది. నాలుక కదిలింది కానీ మాట రాలేదు.

ఉన్నట్టుండి మీటల వేగం తగ్గింది.

"'ఈ చేతులు ఎవరివి?'" అని చదివాడు మాష్టారు. "మా స్నేహితురాలివే. చీమంటాం. మంచి పిల్ల."

టక, టక, టక.

"'వేళ్ళు పొట్టివి.'" ఆయన మళ్ళీ నవ్వబోయాడు.

తరవాతి మాట చాలా నెమ్మదిగా వచ్చింది, ఒక్కో అక్షరం విడివిడిగా. ఈసారి ఆయన చదవలేదు. అత్తగారు తెర చూసి కుర్చీ వెనక్కి తోసింది. తెర మీద ఉన్నది ఒకటే మాట: 'ఉంచుకోనా?'

"బాబూ, మా కోడలు!" అంది అత్తగారు. "పెదాలు నీలంగా అవుతున్నాయి, ఏదో ఒకటి చెప్పండి!"

మాష్టారు లేచి నిలబడ్డాడు. ఔనంటే రేపు కూడా ఆ చప్పుడు వినవచ్చు, ఎల్లుండి కూడా. ఆ సంగతి ఆ గదిలో ముగ్గురికీ తెలుసు.

"వద్దు," అన్నాడు. "ఎవరి చేతులు వాళ్ళకిచ్చెయ్యి."

చప్పుడు లేదు.

"నా మాట విను. ఇన్నేళ్ళలో నిన్ను ఒక్కటీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నా. ఇచ్చేసి వెళ్ళు."

చెరిపే మీట ఒక్కటే మోగడం మొదలైంది, మేకు కొడుతున్నట్టు. 'ఉంచుకోనా' పోయింది. దాని పైమాట పోయింది, ఆ పైవీ పోయాయి. శాలువా పోయింది, గొళ్ళెం పోయింది. 'బక్కచిక్కారు' కూడా ఒక్కో అక్షరమే చెరిగి, తెర తెల్లగా మిగిలింది. మాష్టారు ప్రతి దెబ్బనూ వింటూ నిలబడ్డాడు. ఎన్ని అక్షరాలు పోతున్నాయో ఆయనకు తెలుసు.

చివరి దెబ్బతో చీమ పెద్దగా ఊపిరి పీల్చింది. ఉంగరం వేలు కిందికి వాలి, తిమ్మిరెక్కిన కాలిలా సలపసాగింది. అత్తగారు ఆమె రెండు చేతులూ తన ఒళ్ళోకి లాక్కుని, సాయంత్రం దాకా రుద్దుతూ కూర్చుంది. ఆ వేళ మోకాళ్ళ ఊసే ఎత్తలేదు.

వెళ్ళేముందు మాష్టారు గుమ్మం దగ్గర నిలబడి, "దాన్ని నాకిస్తావా?" అని అడిగాడు.

"మీకు టైపు రాదు కదా మాష్టారూ?"

"నేర్పు."

నేర్పింది, తన కొత్త కీబోర్డు మీద, బైండరు వెనక గదిలో, మిగతా నలుగురూ ఉండగా. పాతదాన్ని ఆయన ఆ రోజే పట్టుకెళ్ళాడు, ఆమె మళ్ళీ ముట్టుకోలేదు. ఆయన ఒక వేలితో మొదలుపెట్టి, రెండు నెలల్లో నాలుగు వేళ్ళకు వచ్చాడు. ఇప్పుడు మధ్యాహ్నాలు ఆయన ఇంట్లోంచి టకటకలు వినిపిస్తాయని పక్కింటివాళ్ళు అంటారు. ఎవరికి రాస్తారని మొన్న పళ్ళడాక్టరమ్మ నోరు జారి అడిగింది. అందరూ తలలు దించుకున్నారు.

ఆయన ఏమీ అనుకోలేదు. "జవాబింకా రాలేదమ్మా," అన్నాడు. "అలిగితే మాత్రం ఆవిడ తొందరగా దిగొచ్చే రకం కాదు."