గోడ మీద రెండు రంగులు

ముప్పై ఏళ్లుగా ఇళ్లకు రంగులేస్తున్న మేస్త్రీకి ఒక పొగరుంది. గోడ మీద నమూనా పూస్తే కింద రంగు పేరు రాయడు. "కన్నుండగా చీటీ ఎందుకండీ?" అంటాడు. అదుగో, ఆ పొగరే సొంత అక్క ఇంట్లో కొంప ముంచింది.

ముందుగదికి అక్క రెండు రంగులు అనుకుంది. ఒకటి మీగడ రంగు, ఇంకోటి లేత గోధుమ. నిన్న రెండూ పక్కపక్కనే చెరో మూరెడు పూసి, ఆరాక చూద్దామని వెళ్లిపోయాడు మేస్త్రీ. పొద్దున వచ్చి చూస్తే రెండూ ఒకటే! కిటికీ తెరిచాడు, లైటేశాడు, కళ్లు నులుముకున్నాడు. ఊహూఁ. నిన్న ఏది ఎటు పూశాడో గుర్తులేదు, చూసి చెబుదామంటే తెలిస్తే ఒట్టు. భయమేసింది. రంగు తెలియని మేస్త్రీని ఎవరు పిలుస్తారు?

"ఏరా, ఏది బాగుంది?" అంటూ అక్క టీ పట్టుకొచ్చింది.

"ఎడమవైపుది. మీగడే. గదికి వెలుగొస్తుంది," అని బుకాయించాడు.

అక్క టీ గ్లాసు కిటికీలో పెట్టి గోడకేసి తిరిగింది. మొన్ననే ఆవిడ కుడి కంటికి శుక్లం తీశారు, ఎడమ కంటికి ఇంకా తీయాలి. ఒక కన్ను మూసి చూసింది, ఇంకో కన్ను మూసి చూసింది.

"ఈ పాత కన్నుతో చూస్తే నాకూ రెండూ ఒకటేరా. కొత్త కన్నుతోనే తేడా తెలుస్తోంది. ఎడమవైపుది గోధుమ. ఎన్నాళ్లనుంచి ఇలా?"

దొరికిపోయాడు. "ఆర్నెల్లు. డబ్బాల మీద పేర్లు చదువుకుని నెట్టుకొస్తున్నా. ఎవరికీ చెప్పకే అక్కా, పని పోతుంది."

"చాల్లే, నోర్ముయ్! ఇన్నాళ్లూ నాకు చెప్పకుండా దాస్తావా? రేపే మా డాక్టరు దగ్గరికి పద."

"మరి గోడ?"

"ఎక్కడికి పోతుంది? ఇలాగే ఉంటుంది. ఎవరైనా అడిగితే మా తమ్ముడి కోసం ఆపానంటా. బాగయ్యాక నువ్వే చూసి, ఏది వేయాలో చెప్పు."

మేస్త్రీ చెవి మీది పెన్సిల్ తీశాడు. ఎడమవైపు 'గోధుమ' అనీ, కుడివైపు 'మీగడ' అనీ రాశాడు. ఇన్నేళ్లలో అదే మొదటిసారి. సిగ్గేసింది.

అక్క దగ్గరికొచ్చి రెండు పేర్లూ బొటనవేలితో చెరిపేసింది.

"చదివి చెప్తే నేనొప్పుకోను. కంటితో చూసే చెప్పాలి," అంది.

టీ చల్లారిపోయింది. మేస్త్రీకి ఏడుపాగలేదు.