పిన్ని వేళ్ళు చెప్పిన మాట

మా పిన్ని ఇరవై రెండేళ్ళపాటు బ్రెయిలీ అచ్చు కార్యాలయంలో ప్రూఫులు దిద్దింది. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. యంత్రం నుంచి ఉబ్బెత్తు చుక్కలతో వచ్చిన ప్రతి పేజీ మీదా వేళ్ళు పోనిచ్చి, తప్పున్న చోట చిన్న మైనపు ముక్క అంటించేది. ఆమె చెయ్యి దాటిన పుస్తకంలో తప్పులు వెతకడమంటే కోడిగుడ్డుకు ఈకలు పీకడమేనని అక్కడ అందరూ అనేవాళ్ళు.

ఆ కార్యాలయంలో కంప్యూటర్లు బాగుచేసేది నేను. ఆ పని ఇప్పించిందీ పిన్నే.

ఒకసారి వాళ్ళు కొత్త స్కానర్ తెప్పించారు. మామూలు పాఠ్యపుస్తకాల పేజీలను కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి. బ్రెయిలీ యంత్రాన్ని నడిపే పాత కంప్యూటర్‌లోనే, దాన్ని కలపడానికి వచ్చిన కార్డు కూడా బిగించాను. బిగించగానే తెర మీద పసుపు గుర్తు వచ్చింది. కంప్యూటర్‌లో ప్రతి కార్డుకూ మెమరీలో కొంత చోటు ఉండాలి. ఒకదాని చోట్లోకి ఇంకొకటి రాకూడదు. స్కానర్‌కు చోటు దొరకలేదని ఆ గుర్తుకు అర్థం. నేను సెట్టింగుల్లోకి వెళ్ళి, ఖాళీగా కనబడిన చోటు తాలూకు అంకెలు చేత్తో కొట్టి ఇచ్చాను. గుర్తు మాయమైంది. స్కానర్ పనిచేసింది. బ్రెయిలీ యంత్రమూ పనిచేసింది. రెండింటినీ కలిపి నడిపి చూడలేదు. ఆకలేస్తోంది, వచ్చేశాను.

నెల తిరక్కుండా మేనేజర్ ఫోన్ చేశాడు.

"మీ పిన్నిగారు రోజూ పేజీలు తిప్పి పంపుతున్నారండీ. చుక్కలు పోయాయంటారు. అవే పేజీలు భోజనాల వేళ మళ్ళీ వేసి ఇస్తే బాగున్నాయంటారు. ఏమిటో ఒకసారి చూడండి."

వెళ్ళేసరికి పిన్ని తన బల్ల దగ్గర నాకోసమే ఎదురుచూస్తోంది.

"ఒరేయ్, పక్కగదిలో ఆ స్కానర్ కుయ్యిమన్నప్పుడల్లా ఇక్కడ చుక్కలు ఎగిరిపోతున్నాయిరా. నేను చెవితో విని, వేలితో చూసుకుని మరీ చెబుతున్నా. కావాలంటే నువ్వు..."

నేను నవ్వాను. "మోకాలికీ బోడిగుండుకీ ముడిపెడతావేంటి పిన్నీ? అది చదివే మిషను, ఇది అచ్చేసే మిషను. దేని దారి దానిది."

"అది కాదురా, ముందు నా మాట విను."

"సరే, చూస్తాగా!"

చూశాను. యంత్రాన్ని తీరిగ్గా పరీక్షిద్దామని స్కానర్ పని ఆపించాను. ఆ ఆపించింది నేనే. నలభై పేజీలు వేశాను. ఒక్క చుక్క కూడా పోలేదు. పిన్ని తప్పని పక్కన పెట్టిన కాగితాన్ని, దాన్నే మళ్ళీ వేసిన కాగితాన్ని పక్కపక్కన పెట్టి చూసినా సరిపోయేది. పెట్టలేదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

"మిషన్‌లో లోపం లేదండీ" అన్నాను మేనేజర్‌తో.

"మరి ఆవిడ అన్ని తప్పులు ఎలా పడుతున్నారు?"

"పిన్నికి షుగర్ ఉంది కదండీ. వేళ్ళలో స్పర్శ తగ్గొచ్చని డాక్టర్ ఎప్పుడో అన్నాడు." మాటవరసకు అన్నాను. ఆయన దాన్ని కాగితం మీద రాసుకున్నాడు.

పిన్నికి కూడా నేనే చెప్పాను. ఆమె రెండు బొటనవేళ్ళూ చూపుడువేళ్ళకేసి రాసుకుంది.

"అంతేనంటావా?"

"అంతే పిన్నీ. వయసు కూడా వస్తోందిగా."

"అయ్యుండొచ్చులేరా. పిల్లలు చదివే పుస్తకాలు, వాటితో ఆటలేంటి" అంది. ఎవరూ పొమ్మనలేదు. నెలాఖరున తనే మానేసింది.

ఆమె చోట్లోకి కొత్తగా ఒకావిడ వచ్చింది. చుక్క పోయినట్టు అనిపించినా, తనకూ వేళ్ళు మొద్దుబారాయంటారేమోనన్న భయంతో పేజీలు దాటించేసింది. నాలుగు నెలల తర్వాత అంధుల బడి నుంచి లెక్కల మాస్టారు సంచీ నిండా పుస్తకాలు తెచ్చి మేనేజర్ బల్ల మీద కుమ్మరించాడు. చుక్కలు పోయి ఎక్కాల్లో అంకెలు మారిపోయాయి. పిల్లలు వాటినే కంఠస్థం చేశారు.

మళ్ళీ నన్ను పిలిచారు. ఈసారి స్కానర్ నడుస్తుండగా అచ్చు వేయించాను. ఏడో పేజీ నుంచి చుక్కలు రాలడం మొదలైంది. స్కానర్ ఆపితే సరిగ్గా వచ్చాయి. మళ్ళీ పెడితే మళ్ళీ పోయాయి. బ్రెయిలీ యంత్రం కార్డును నడిపే డ్రైవర్ ప్రోగ్రాం బాగా పాతది. తను వాడుకునే మెమరీ అంతా కంప్యూటర్‌కు చెప్పదు, సగమే చెబుతుంది. ఖాళీ అనుకుని నేను స్కానర్‌కు ఇచ్చింది ఆ మిగతా సగాన్నే. స్కానర్ నడిచినప్పుడల్లా అక్కడున్న చుక్కలు చెరిగిపోయాయి. ఒక ఒరలో రెండు కత్తులు దూర్చింది నేనే. చేత్తో ఇచ్చిన అంకెలు తీసేసి, కార్డును వేరే స్లాట్‌లోకి మార్చి, దూరంగా చోటు కేటాయించాను. రెండింటినీ కలిపి సాయంత్రం దాకా నడిపాను. ఒక్క తప్పు లేదు.

మర్నాడు పొద్దున్నే పిన్ని వాళ్ళింటికి వెళ్ళాను. బాబాయి తలుపు తీశాడు. పిన్ని మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడత పెడుతోంది. ఏదీ దాచకుండా అంతా చెప్పాను. విన్నంతసేపూ మడతలు ఆపలేదు.

"పిల్లలకి వేరే పుస్తకాలు పంపారా?" అని అడిగింది ముందు.

"వేస్తున్నారు పిన్నీ. తప్పు నాదేనని మేనేజర్‌కి రాసిచ్చాను. నిన్ను మళ్ళీ రమ్మంటున్నారు."

"ఆ కొత్తావిడని ఏం చేస్తారు? వద్దులే."

"నీ వేళ్ళకి ఏమీ కాలేదు పిన్నీ. నువ్వు చెప్పిందే నిజం."

"ఇప్పుడు చెబుతున్నావు." ఆమె గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. "నువ్వు ఆ మాటన్న రోజు నుంచీ గుండీ ముట్టుకున్నా, గిన్నె ముట్టుకున్నా, తెలుస్తోందా లేదా అని చూసుకోవడమే పనైపోయిందిరా. చూసుకోగా చూసుకోగా నిజంగానే తెలియకుండా పోయింది. నువ్వు చదువుకున్నవాడివి కదా అని, నా చేతులకంటే నీ మాటే నమ్మాను. అందులో నా తప్పూ ఉంది."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు. కాలింది నా చేతులు కూడా కాదు.

పిన్ని మళ్ళీ ఆ ఉద్యోగంలోకి వెళ్ళలేదు. ఈమధ్య ఇంట్లో ఏదో పుస్తకం తీస్తోందని బాబాయి ఫోన్లో చెప్పాడు. సంతోషించబోయాను.

"పేజీకి రెండు మూడుసార్లు నన్ను పిలుస్తుందిరా" అన్నాడాయన. "వేలు ఒకచోట ఆపి, 'ఇక్కడ చుక్క ఉందా, చూసి చెప్పండి' అంటుంది. నాకా ఆ అక్షరాలు రావు. కళ్ళకి కనబడింది చెబుతాను. అప్పుడు గానీ ముందుకు పోదు."