కొర్ర విత్తనాల గది తాళం

నేను ఒక ఇత్తడి తాళాన్ని. నన్ను చేసిన పనివాడు నాకు నేర్పిన విద్య ఒక్కటే, ఎవరినీ నమ్మకుండా ఉండటం.

కర్నూలు వైపు ఒక ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రం కాలేజీగా మారిన ఏడు నన్ను విత్తనాల గదికి వేశారు. అప్పటికి కాలేజీ అంటే రెండు రేకుల షెడ్లు, ఒక బావి, చుట్టూ నల్లరేగడి. కొన్నేళ్లకు పెద్ద విశ్వవిద్యాలయం మమ్మల్ని తనలో కలుపుకుంది. జొన్నచేలో ఇంజనీరింగ్ భవనం లేచింది, కందిచేలో హాస్టలు. కొలతల టేపుతో ఎవరొచ్చినా ఈసారి మా గదికేనేమోనని అనుమానించేదాన్ని.

గదిలో నూట పన్నెండు సీసాల్లో కొర్ర రకాలు ఉండేవి. ఊరూరా తిరిగి వాటిని సేకరించిన వెంకటశివయ్య గారు రిటైరయ్యేనాటికి కొర్ర విభాగమే మూసేశారు. వెళ్లేరోజు ఆయన ఒక తాళంచెవి ఆఫీసులో ఇచ్చి, రెండోది క్షేత్రంలో కూలికి వచ్చే సుంకమ్మ చేతిలో పెట్టారు. దూరంగా నిలబడి ఆమెకేదో చెప్పారు. నాకు వినబడలేదు, నచ్చనూ లేదు.

ఏటా తొలకరికి ముందు, అందరూ అన్నానికి వెళ్లిన వేళ సుంకమ్మ వచ్చేది. మూటతో లోపలికి వెళ్లి, మూటతోనే బయటికి వచ్చేది. తలుపు బయట వేలాడే నాకు లోపలి సంగతి కనబడదు. విత్తనం తీసుకుని ఇసుక పోస్తోందని తేల్చేసుకున్నాను. సరైన చెవి కాబట్టి తెరుచుకోక తప్పేది కాదు. తొమ్మిదేళ్లు అలాగే గడిచాయి.

పదో ఏడు కొత్త సూపరింటెండెంట్ హనుమేశ్వరరావు ఆమెను గడపలోనే ఆపాడు. నాకు సంతోషమైంది.

"మూటలో ఏముంది?"

"కొత్త కొర్రలు సార్. సీసాల్లో పాతవి తీసి ఇవి పోసేదానికి వచ్చినా. ఊరికే పెడితే గింజ సచ్చిపోతాదని శివయ్యసారు చెప్పినాడు. ఏటా ఇరవై ఎనిమిది రకాలు, వంతులేసుకుని నా చేన్లో చల్లి, పండినంక తెచ్చి పోస్తాండా."

"ఆయన రాసిచ్చిన కాగితముందా?"

"నోటితోనే చెప్పినాడు సార్."

శివయ్య గారిని అడుగుదామంటే ఆయన నిరుడే పోయారు. హనుమేశ్వరరావు తాళంచెవి, మూట రెండూ తీసుకుని, రేపటినుంచి పనికి రావద్దన్నాడు. మూటను ఆఫీసు బీరువా కింద తోయించాడు. తర్వాత దాన్ని ఎలుకలు తిన్నాయని విన్నాను.

నాలుగేళ్లకు ఆ గది కంప్యూటర్లకు కావాలన్నారు. సీసాలు పారేయమని నసీమా అనే కొత్త శాస్త్రవేత్తకు చెప్పారు. ఆమె పారేసే ముందు ప్రతి సీసాలోంచి కొన్ని గింజలు తీసి, తడిగుడ్డ పరిచిన పళ్లేల్లో వేసి వరండాలో పెట్టింది. ఏ సీసాలోనూ ఇసుక లేదు. అయిదో రోజుకు ఎనభై నాలుగు పళ్లేల్లో మొలకలు వచ్చాయి. ఇరవై ఎనిమిదింట్లో రాలేదు.

"శివయ్య గారు వెళ్లి పదమూడేళ్లయింది సార్. ఎవరో మార్చకపోతే ఇవేవీ బతకవు," అంది నసీమా.

హనుమేశ్వరరావు పళ్లేలన్నీ తిరిగి చూశాడు. తర్వాత తానే సుంకమ్మ ఇంటికి వెళ్లి పిలుచుకొచ్చాడు.

ఆమె పళ్లేల వెంట నడిచి, మొలకలు రానిచోట ఆగింది.

"ఈ చీటీలో ఏముండాదో చదవమ్మా."

"నల్లకంకి కొర్ర. ఇచ్చినవారు ఓబుళమ్మ."

"ఆయమ్మ పోయి శానా దినాలాయె. ఆ ఊర్లో ఇప్పుడంతా పత్తే."

నసీమా ఒక్కొక్క పేరూ చదివింది. ఇరవై ఎనిమిదీ అయ్యాక సుంకమ్మ, "ఆ పొద్దు మూటలో తెచ్చింది వీటినే," అంది.

హనుమేశ్వరరావు తల దించుకుని, "మళ్లీ పనికి రామ్మా," అన్నాడు.

"వస్తా సార్. మిగిలిండేవాటి కోసం వస్తా."

ఆ సాయంత్రం మొలవని పళ్లేలను తీసి పారేయడానికి ఎవరికీ చేతులు రాలేదు.

ఇప్పుడు విత్తనాలు చల్లదనమిచ్చే యంత్రాలున్న గదిలో ఉన్నాయి. నేను స్టోర్సులో పాత ఇనుము డబ్బాలో ఉన్నాను. నసీమా చదివిన ఆ ఇరవై ఎనిమిది పేర్లూ నాకు వరసగా నోటికి వచ్చు.