కోడిని నిద్రపోనివ్వని గ్యాసు లైటు

"మన నిర్మల బావిల పడితే ఎట్లనయ్యా?" అన్నాను.

మా బిడ్డ నిర్మల అప్పుడు నా ఎదురుగానే పీట మీద కూర్చుని పప్పన్నం తింటూ ఉంది. దవాఖానలో నర్సు పని ఇంకా మొదలే కాలేదు. సోమవారం నుంచి రమ్మన్నారంతే. మా ఆయన దావీదు నీళ్ల చెంబు కింద పెట్టి, "అన్నం తినే పిల్లను బావిల ఎందుకు ఏస్తవే? జర తిననియ్యి దాన్ని," అన్నాడు.

ఆయనకేం, మగమనిషి. పిల్ల దవాఖాన నుంచి బయటపడేసరికి పొద్దుగూకుతుంది. రోడ్డు దిగి మా ఇంటికి రావాలంటే ఒకటే బాట. ఆ బాటను ఆనుకొని గట్టు లేని పాత బావి. చుట్టూ ముళ్లకంప వేసినప్పుడల్లా ఎవరో ఒకరు పొయ్యిలోకని ఎత్తుకుపోతారు. బావి తప్పితే పాము, పాము తప్పితే తేలు, తేలు తప్పితే తాగుబోతు. ఇవేవీ కాకపోతే ఇంకేదో ఉండే ఉంటుంది, ఆ సమయానికి నాకు తట్టలేదు గాని.

మా ఆయన పెండ్లి ఊరేగింపులకు గ్యాసు లైట్లు కిరాయికి ఇస్తాడు. సోమవారం దీపాల వేళకు ఒకదానికి పంపు కొట్టించి, వాకిట్లో గుంజకు మనిషి తలంత ఎత్తున వేలాడదీయించాను. బావి కనిపించింది, బాట కనిపించింది, పక్కింటి మొగిలమ్మ దండెం మీద ఆరేసిన చీర అంచు కూడా కనిపించింది. నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

"పెండ్లి లేదు, పిల్లగాడు లేడు, మన ఇంటి ముందల రోజూ ఊరేగింపే," అని గొణిగాడు మా ఆయన. ఆయన గొణిగితే నాకేం భయం లేదు. నాకున్న భయాలు వేరు.

మొగిలమ్మకూ మాకూ మధ్య ఛాతీ ఎత్తు మట్టిగోడ ఒక్కటే అడ్డం. కూలికి పోయే మనిషి. నిర్మల పుట్టినప్పుడు పసిగుడ్డుకు నీళ్లు పోసింది ఆమే. నేను అక్కా అంటే, ఆమె చెల్లె అంటుంది. వాళ్లింట్లో గడియారం లేదు. కోడి కూస్తే లేస్తుంది, జొన్న గట్క వండుకుంటుంది, సద్ది కట్టుకొని పొలానికి పోతుంది. అంతే లెక్క.

ఆ వారంలోనే ఒక పొద్దున గోడ మీదికి ఆమె తల లేచింది.

"నీ లైటు పాడుగాను మార్తమ్మా! రాత్రి తిని పండుకున్ననో లేదో నా కోడి తెల్లారిందని కూసింది. నేను లేసిన, గట్క వండిన, కోడలిని తిట్టి లేపిన, సద్ది పట్టుకొని వర్ధన్నపేట తొవ్వ పట్టిన. కావలోడు ఆపిండు. 'ఏందే మొగిలమ్మా, సద్ది కట్టుకొని దొంగతనానికి పోతాన్నవా?' అన్నడు. సినిమా మొదటి ఆట ఇంక ఇడువనే లేదట!"

నాకు నవ్వాగలేదు. ఆమెకు రాలేదు.

"కోడి మీద గంప బోర్లియ్యరాదక్కా," అన్నాను.

"బోర్లిచ్చిన! గంప సందులకెళ్లి సొస్తాంది నీ ఎలుగు. నీ లైటు మీదనే బోర్లియ్యి ఏదన్న."

"అట్లెట్లక్కా? ఎలిగిచ్చిన దీపం దాచొద్దని మా యేసు గుడిల అయ్యగారు చెప్పిండు."

"దాచొద్దన్నడు, మంచిదే. పక్కింటోళ్ల కండ్లల్ల పెట్టుమన్నడా?"

జవాబు లేనప్పుడు నా నోటికి భయమే వస్తుంది. "రేపు నా బిడ్డ బావిల పడితే నువ్వు తీస్తవా?" అనేశాను.

మొగిలమ్మ ముఖం చిన్నబోయింది. "నీ బిడ్డ నాకు పరాయిదెప్పుడైంది?" అని గోడ దగ్గర నుంచి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి మాట లేదు. దండెం మీద చీరకు బదులు గోనెపట్టా వేలాడింది, మా లైటుకు అడ్డంగా. అయినా లైటు దించలేదు. బిడ్డ ముఖ్యం కదా.

ఒక సాయంత్రం ఆ గుంజ కిందనే నిలబడి ఉన్నాను. నిర్మల అడుగుల చప్పుడు వినిపించింది గాని మనిషి కనిపించలేదు. ఇంతలో బావి నీళ్లలో బుడుంగుమని చప్పుడైంది.

పడ్డది రాయి. దాని వెనకే నిర్మల వచ్చింది. "కాలు అంచుల పడ్డదమ్మా. రాయి జారింది. బావి కానస్తలే."

"ఇంత లైటు పెట్టినా?"

"ఇంత లైటు పెట్టినవు గనుకనే! తిన్నగ కండ్లల్ల కొడుతాంది. చెయ్యి అడ్డం పెట్టుకుంటే గాని బాట తెలుస్తలేదు."

లోకంలో నేను భయపడకుండా విడిచిపెట్టిన వస్తువు ఒక్కటుంటే అది ఆ లైటే. చూడండి, అదే నా బిడ్డను బావి అంచు దాకా తెచ్చింది.

తెల్లారి మా ఆయనతో గ్యాసునూనె డబ్బా ఒకటి కోయించాను. లైటును గుంజ మీద నుంచి మోకాలెత్తుకు దించి, బాట వైపు మాత్రం తెరిపి ఉంచి, మీదా పక్కలా రేకు కప్పాం. వెలుగంతా బావి అంచు మీద, బాట మీద పరచుకుంది. గోడ అవతల చీకటి.

"దీపం దాచొద్దంటివి గదా?" అన్నాడు మా ఆయన, సందు దొరికింది కదా అని.

"దాచలే. జర తల వంచుకొమ్మన్న, అంతే."

ఆ సాయంత్రం గోడ దగ్గరికి పోయి, "అక్కా, కోడి పండుకున్నదా?" అన్నాను. గోనెపట్టా తీసేసి ఉంది. మరునాడు, "నేనన్న మాట తప్పేనక్కా," అన్నాను. మంచం కిర్రుమంది, మనిషి పలకలేదు. కోపం ఇంకా దిగలేదనుకొని ఊరుకున్నాను.

తర్వాత ఒకనాడు నిర్మల రావలసిన వేళ దాటిపోయింది. మా ఆయన ఊరేగింపుకు పోయాడు. లైటు పరిచినంత మేర బాట కనిపిస్తోంది, ఆ పైన ఏమీ లేదు. బావి అయింది, పాము అయింది, తేలు అయింది. ఆనాడు తట్టనివి కూడా ఇప్పుడు వరసగా తట్టడం మొదలుపెట్టాయి. ఎవరితో అనాలో తెలియక గోడతోనే అన్నాను, "అక్కా, పిల్ల ఇంక రాలే."

నా గాజుల చప్పుడుకు నాకే భయమేసి చేతులు కదపడం మానేశాను. చివరికి మంచం కిర్రుమంది. గోడ మీదికి తల లేచింది.

"వస్తాంది," అంది మొగిలమ్మ, రోడ్డు వైపు చూస్తూ. "ఇప్పుడు నా కండ్లల్ల లైటు లేదు గదా, ఈడికెళ్లి రోడ్డు దాక కానస్తాంది. పిల్ల వచ్చేదాక రోజూ చూస్తనే ఉన్న. అగో, బాట దిగింది. చెప్పులు చేతుల పట్టుకొని ఒట్టి కాళ్లతోని వస్తాంది నీ బిడ్డ! తేలు కుడితే ఎట్లనే? ముందుగాల దాన్ని తిట్టు నువ్వు."