అడగండి, గురువుగారూ

“తాళంచెవి,” అంది మగ్దలీనమ్మ, మొగుడి చెంపకు సబ్బు నురగ రుద్దుతూ.

“ఏమిటి,” అన్నాడు సంజీవరావు.

“ఉంగరం.”

“ఏదీ.”

“నయాపైసా?”

ఆయన అద్దంలో ఆమె వైపు చూశాడు. “నయాపైసా అంటే ఏందే?” అన్నాడు.

“ఏం లేదులే బావా. కదలబాక, తెగుతుంది,” అని ఆమె కత్తి ఆనించింది. ఆరు నెలలుగా గడ్డం గీయడం ఆమె పనే అయింది.

ఇదీ వాళ్ల వృత్తి. ఆయన జనంలో తిరుగుతూ ఎవరి దగ్గరో ఒక వస్తువు తీసుకుంటాడు. వేదిక మీద కళ్లకు గంతలతో కూర్చున్న ఆమె అదేమిటో చెప్పేస్తుంది. జనం దివ్యదృష్టి అనుకుంటారు. గుట్టంతా ఆయన అడిగే తీరులో ఉంది. ‘ఏమిటి’ అని మొదలుపెడితే తాళంచెవి, ‘ఏదీ’ అంటే ఉంగరం, దానికి ముందు ‘మరి’ చేరితే బంగారపు ఉంగరం. ఇలాంటి మాటలు వందల్లో ఉన్నాయి. కోటి విద్యలూ కూటి కొరకే కదా. మిషన్ బడిలో అయ్యవారి ఉద్యోగం వదిలేసి ఆయన ఈ విద్య పట్టుకున్నాడు. కట్టుకున్న మేనమామ కూతుర్ని పొయ్యి ముందే కూర్చోబెట్టి నేర్పాడు. అన్నం మాడినా పాఠం ఆగేది కాదు. అప్పటినుంచీ ఆయన మామూలుగా “ఏదీ, నీళ్లియ్యి” అన్నా ఆమె మనసులో ఉంగరం మెదిలేది. ఇంత కాపురంలో ఆయన మాట ఒక్కటీ ఆమెకు ఒట్టి మాటగా వినపడలేదు.

గోడపత్రికల్లో ఆమె ఇప్పటికీ దివ్యదృష్టి కుమారే. కుమారికి యాభై దాటాయి. మోకాళ్లు పట్టేస్తే గోడ పట్టుకుని లేస్తుంది.

ఆయన మతి కొత్త మాటలతో మొదలుపెట్టి జారింది. నయాపైసలు వచ్చినప్పుడు కల్పించుకున్న మాట ముందు పోయింది. తర్వాత ట్రాన్సిస్టరు. ఆ తర్వాత మూలాపేటలో సొంత ఇంటికి దారి. వైద్యుడు ఆటలు మానిపించి విశ్రాంతి ఇమ్మన్నాడు. మగ్దలీనమ్మ మానిపించలేదు. వేదిక కింద నిలబడి “కుమారీ” అని గొంతెత్తేసరికి పాత సంజీవరావు ఎక్కడున్నా వచ్చేసేవాడు. ఇంట్లో ఆమెను మరిచిన మనిషి అక్కడ మరిచేవాడు కాదు. ఆ కాసింత చోటు కూడా పోతే తనకు మొగుడు లేనట్టేనని ఆమె భయం. అందుకే అల్లూరు బడి వార్షికోత్సవానికి పిలుపు రాగానే ఒప్పుకుంది.

బస్సులో ఆయన కిటికీ పక్కన బుద్ధిగా కూర్చున్నాడు. బయట వరినాట్లు, నీళ్లలో కొంగలు. కొంత దూరం పోయాక ఆమె వైపు తిరిగి మర్యాదగా అడిగాడు.

“మీరు యాడికి పోతుండారమ్మా?”

“అల్లూరికి.”

“మేమూ ఆడికే. మా ఆడమనిషి ముందే పోయినట్టుండాది.”

మగ్దలీనమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్క సీటామె బస్సు పడలేదేమోననుకుని నిమ్మకాయ ఇచ్చింది.

బడి ముందు తాటాకు పందిరి వేశారు. నాలుగు గంటల ఎండ ఏటవాలుగా లోపలికి పడుతోంది. హెడ్మాస్టరు గంగాధరం గోధుమపిండి ముద్దలు ఆమె కళ్ల మీద ఒత్తి, పైన నల్లగుడ్డ బిగించి కట్టాడు. ఆ ముడి సంజీవరావే విప్పాలి, ఇంకెవరూ విప్పకూడదు. అది వాళ్ల ఆట కట్టుబాటు.

చీకట్లో ఆమె చెవులు నిక్కబొడుచుకుంది. ఆయన రాకపోతే? వచ్చినా ఆమెను ఎరగకపోతే?

“కుమారీ!”

ఆ గొంతు వినగానే ఆమెకు ప్రాణం లేచివచ్చింది.

“అడగండి, గురువుగారూ.”

“ఏమిటి నా చేతిలో?”

“తాళంచెవి.”

“మరి, ఏదీ ఇది?”

“బంగారపు ఉంగరం.”

చప్పట్లు. ఆయన తడబడలేదు. దువ్వెన అడిగాడు, ముక్కుపొడుం కాయ అడిగాడు, ఒకరి జేబులోని ఎర్ర రుమాలు కూడా అడిగాడు. పిండి ముద్దల కింద ఆమె కళ్లు తడిశాయి. నా మనిషి నా మనిషే అనుకుంది.

“కుమారీ...” అన్నాడు మళ్లీ. ఆ తర్వాత మాట లేదు.

ఆమె కాచుకుంది. అప్పుడప్పుడు ఆయన కావాలనే ఆగి జనాన్ని ఊరించేవాడు. పందిరి మీద కాకి అరిచింది. ఎవరో దగ్గారు. అడుగుల చప్పుడు దూరంగా పోయినట్టనిపించింది.

“అడగండి, గురువుగారూ,” అంది.

గంతలు లాగేసుకోవాలని చెయ్యి లేచింది. లాగితే ఆట పాడవుతుంది, నలుగురిలో ఆయన పరువు పోతుంది. చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. “అడగండి,” అంది మళ్లీ, నవ్వు మొహంతో. ఇదీ ఆటలో భాగమేననుకుని జనం ఊపిరి బిగబట్టి ఆమెనే చూస్తున్నారు. ఆయన పందిరి దాటి కాలవగట్టు వైపు నడిచిపోవడం చూసినవాళ్లు కూడా, ఆమె ఏం చెబుతుందోనని మళ్లీ వేదిక వైపే తిరిగారు.

చాలాసేపటికి గంగాధరం దగ్గరకు వచ్చాడు. “అమ్మా, ఆయన బయటికి పోయినారు. ఇంకా రాలేదు.”

ముడి ఆమే తెంచుకుంది.

పొద్దు వాలకముందే ఆయన కనిపించాడు. కాలవలో మోకాటి లోతు నీళ్లు. బోర్లా పడినవాడు లేవడం కూడా మరిచిపోయాడేమో. ఆమె గీసిన గడ్డం నున్నగా అలాగే ఉంది. మగ్దలీనమ్మ కాలవగట్టు మీద ఆయన పక్కన కూర్చుంది. ఆయన మాట ఆగిన వెంటనే గంతలు తీసి ఉంటే పట్టుకుని ఉండేదాన్నని అక్కడ ఎవరికీ చెప్పలేదు. తరువాతా చెప్పలేదు. బతికినన్నాళ్లూ తనకు తాను మాత్రం చెప్పుకుంది.

ఆయన బిగిసిన పిడికిలి విప్పితే వల అడుగున కట్టే మట్టిగుండు ఒకటి బయటపడింది. బడిలో కొడుకును చూడవచ్చిన ఇసకపల్లిలో చేపలు పట్టే పట్టపాయన మాలకొండయ్య, ఆయన్ను తికమక పెడదామని సరదాకు ఇచ్చినదట. ఆమె దాన్ని అతని వైపు చాపింది. అతను చేతులు వెనక్కు పెట్టుకున్నాడు.

“పోయినాయన పట్టుకున్నది మళ్లా వలకు కట్టుకోలేనమ్మా. నీకాడే ఉండనీ.”

మట్టిగుండుకు వాళ్ల మాటల్లో మాట లేదు. ఎప్పుడూ ఎవరూ ఇవ్వలేదు గనక కల్పించుకోలేదు. మాట లేక ఆగిపోయాడా? తనను మరిచి ఆగిపోయాడా? ఆ ఒక్కటి తెలిస్తే చాలునని ఆమె ఎన్ని సార్లు దేవుణ్ణి అడిగిందో లెక్క లేదు.

మూలాపేట ఇంట్లో కిటికీ గట్టు మీద అది అలాగే ఉంది. వేలెడు మట్టిగుండు, నడుమ బెజ్జం, ఒక పక్క ఎండిన కాలవ బురద.