మూడో జవాబు

డాక్టరు కంప్యూటరు తెరను మావైపు తిప్పింది.

"ఇదుగోండి, పాత రికార్డులో కూడా స్పష్టంగా ఉంది. గతంలో మెదడులో రక్తస్రావం: లేదు. ఇక ఆలస్యం వద్దు. ఇక్కడ సంతకం పెట్టండి."

బావ కాగితాన్ని నావైపు తోశాడు. బస్సుల డిపో నుంచి అలాగే వచ్చేశాడు. వేళ్ళకు ఇంకా గ్రీజు ఉంది. "నువ్వు చదివి సరే అను, నేను గీకుతాను," అన్నాడు.

అప్పటికి పన్నెండూ పదిహేను. అక్క పదీ ఇరవైకి కుట్టు కార్ఖానాలో, గుడ్డలు కత్తిరించే బల్ల దగ్గరే కూలబడింది. గుడ్డ మీద సుద్దగీత వంకర పోవడం పక్కనున్నామె చూసిందట. ముప్ఫై ఏళ్ళలో ఆ గీత వంకర పోగా ఎవరూ చూడలేదు కనుక తలెత్తి అక్క మొహం చూసిందట. కుడిచెయ్యి, మాట రెండూ ఒకేసారి పోయాయి. మెదడులో ఒక సన్నని నాళానికి రక్తపుగడ్డ అడ్డుపడింది. గొట్టం పంపి లాగడానికి వీల్లేనంత సన్నని నాళం. కరిగించే మందు ఒక్కటే దారి, దాన్ని నాలుగున్నర గంటల లోపు ఎక్కించాలి. అంటే రెండూ యాభై లోపు.

అడ్డంకి ఒకటే. అయిదు వారాల కిందట అక్క కార్ఖానా మెట్ల మీద జారి తలకు దెబ్బ తగిలించుకుంది. ఊరికి ఆ చివరనున్న మరో ఆస్పత్రిలో రెండు రోజులు ఉంచారు. నేను ఫోన్ చేస్తే, "ఏమీ కాలేదురా చదువులయ్యా, బొప్పి కట్టిందంతే. నీ పుస్తకం ఒకటి నెత్తిన పడిందనుకో," అని నవ్వింది. ఆ దెబ్బకు తల లోపల రక్తం చిందిందా అని నేను అడగలేదు. ఇన్ని వారాలయ్యాక ఆ జాడ ఇవాళ్టి స్కాన్‌లో కనబడకపోవచ్చు. చిందివుంటే ఈ మందు ఆ చోటును మళ్ళీ తెరుస్తుంది, అక్కను చంపుతుంది. చిందకపోతే ఈ మందు ఆమె చేతినీ మాటనూ వెనక్కి తేవచ్చు.

"లేదని అందులోనే ఉందిగా, ఇంకా ఏం చూస్తావయ్యా?" అన్నాడు బావ.

నేను ఆ 'లేదు'నే చూస్తున్నాను. దాన్ని అక్కడ పెట్టింది నేనే.

ఈ ఆస్పత్రిలో నాది రోగులను చూసే ఉద్యోగం కాదు. బయటి ఆస్పత్రుల నుంచి వచ్చే రికార్డులను మా కంప్యూటర్లు చదవగలిగే రూపంలోకి మార్చే విభాగంలో పనిచేస్తాను. ఎవరి సాఫ్ట్‌వేర్ వారిది. అవతలి ఆస్పత్రిలో ఒక్కో ప్రశ్నకు మూడు జవాబులుంటాయి: ఉంది, లేదు, నమోదు కాలేదు. మా దగ్గర రెండే గడులు: ఉంది, లేదు. మూడో జవాబును ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న రెండేళ్ళ కిందట ఒక సమావేశంలో వచ్చింది. 'ఉంది'లో పెడితే ప్రతి రోగి పక్కనా ఎర్ర హెచ్చరిక వెలుగుతుంది. అన్నీ వెలుగుతుంటే డాక్టర్లు దేన్నీ పట్టించుకోరు. ఖాళీగా వదిలితే మా సాఫ్ట్‌వేర్ మొత్తం రికార్డునే తిప్పికొడుతుంది. 'లేదు'లో పెడదామన్నాను. మందుల విభాగం పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "తెలీదన్నవాణ్ణి పట్టుకుని లేదన్నాడని రాసేస్తే వాడు ఊరుకుంటాడా అండీ?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంతలో టీ వచ్చింది. తర్వాతి అంశంలోకి వెళ్ళాం.

ఒక వస్తువు కనబడనంత మాత్రాన అది లేదని తేల్చకూడదని పాత తార్కికులు ఎంత ఓపికగా వాదించారో పంక్తుల కింద గీతలు గీసుకుంటూ చదివినవాణ్ణి. ఉండివుంటే కనబడి తీరే చోట, వెలుతురులో వెతికినప్పుడే కనబడకపోవడం లేకపోవడానికి ప్రమాణమవుతుంది. చీకటిగదిలోకి తొంగిచూసి కుండ లేదనడం జ్ఞానం కాదు. నేను కొన్ని వేల చీకటిగదులకు 'కుండ లేదు' అని చీటీ అంటించి, సాయంత్రం ఇంటికి వెళ్ళి ఆ గ్రంథాలే చదువుకున్నాను.

మాట్లాడకుండా ఉంటే మందు ఎక్కుతుంది. ఆ గడి వెనక నిజంగానే 'లేదు' ఉండవచ్చు. మాట్లాడితే మందు ఆగుతుంది. మంచం మీద అక్క నన్నే చూస్తోంది. మాట పోయింది గాని వినికిడి పోలేదు. ప్రతి మాటా అర్థమవుతోందని డాక్టరు ముందే చెప్పింది.

"మేడం, ఆ 'లేదు'ను నమ్మకండి," అన్నాను.

"ఏమన్నారు?"

"వాళ్ళు చూసి లేదని రాశారో, అసలేమీ రాయలేదో దీన్నిబట్టి చెప్పలేం. రాయకపోయినా ఇక్కడ లేదనే పడుతుంది. అలా పడేట్టు చేసింది నేనే."

ఆమె కలానికి మూత పెట్టింది. "ఎంతకాలంగా?"

"రెండేళ్ళుగా."

"రెండేళ్ళుగా నేను దీన్ని చూసే మందులిస్తున్నానండీ." గొంతు పెంచలేదు. పెంచివుంటే నాకు తేలికగా ఉండేది. "అప్పటి స్కాన్ రిపోర్టు కావాలి. అది చూడకుండా ఈ మందు ముట్టుకోను. గడువు మీకు తెలుసు."

బావ నా భుజం పట్టుకుని తలుపు అవతలకి లాగాడు. "మతి పోయిందా నీకు? ఇస్తానన్న మనిషిని ఆపుతావా? ఆ రోజు నేనక్కడే ఉన్నాను. రక్తం లేదు, గిక్తం లేదు!"

"స్కాన్ తీశాక ఏమన్నారు బావా?"

"ఏమంటారు? రెండ్రోజులు చూద్దామన్నారు. చూశారు. పంపేశారు."

"ఎందుకు చూద్దామన్నారు?"

బావ ఫోను తీసి వెతకసాగాడు. కాగితాలు ఇవ్వలేదట, ఫోనుకు పంపారట. సందేశం దొరికింది. నొక్కితే, ఈ లింకు గడువు ముప్ఫై రోజులతో ముగిసిందని వచ్చింది.

అవతలి ఆస్పత్రి రికార్డుల విభాగానికి ఫోన్ చేశాను.

"పంపేశాం కదండీ," అంది అక్కడామె. "మీకు చేరినట్టు ఇక్కడ పచ్చ టిక్కు కూడా పడింది."

"చేరిందమ్మా. స్కాన్ రిపోర్టు రాలేదు."

"అది బొమ్మగా ఉంటుందండీ. బొమ్మలు మీవాళ్ళే వద్దన్నారు, బరువైపోతాయని."

వద్దన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. "పోనీ చదివి వినిపించండి. ఒక్క లైను చాలు."

"ఫోన్లో చెప్పకూడదండీ, నా ఉద్యోగం పోతుంది. పేషెంటు సంతకంతో అర్జీ పంపండి."

"ఆవిడ కుడిచెయ్యి పడిపోయింది."

"ఎడంచేత్తో పెట్టినా పర్లేదు గాని, మా దగ్గరున్న సంతకంతో కలవాలి." వెటకారం కాదు. నియమం చదువుతోంది. మళ్ళీ తనే, "భర్తగారిని గుర్తింపు కార్డు పట్టుకుని రమ్మనండి. నేను ఇక్కడే ఉంటాను, కదలను," అంది.

డాక్టరు కూడా తన తరఫున ప్రయత్నించింది. అప్పుడు అక్కను చూసినాయన ఆపరేషన్ గదిలో ఉన్నాడు. బయటికి రాగానే ఫోన్ చేయిస్తామన్నారు. స్కాన్ విభాగం నంబరు మోగుతూనే ఉంది.

బావ మోటారుసైకిలు తాళం చేతిలోకి తీసుకున్నాడు. "నీ చదువు తగలెయ్య," అని మెట్లు దిగాడు.

నేను పై అంతస్తులోని నా బల్ల దగ్గరికి పరుగెత్తాను. మార్చకముందు వచ్చిన అసలు సందేశాలు కొంతకాలం మా దగ్గర నిలవ ఉంటాయి. అక్క వివరాలు పెట్టి వెతికాను. దొరికింది. రక్తస్రావం ప్రశ్నకు ఎదురుగా ఉన్నది మూడో జవాబే: నమోదు కాలేదు. నేను భయపడింది నిజమే. ఆ నిజంతో చేయగలిగింది ఏమీ లేదు. అది అక్క తల లోపలి సంగతి చెప్పదు. ఎవరో ఒక గుమాస్తా ఆ గడిని వదిలేశాడని మాత్రం చెబుతుంది. కిందికి వచ్చి డాక్టరుకు చెబితే తలూపింది.

అక్క పక్కన కూర్చున్నాను. ఎడమచేత్తో నా చొక్కా గుండీ పట్టుకుంది. అది ఊడేలా వేలాడుతోంది. పెదవులు ఒకవైపుకే కదిలాయి, 'చ' అనబోయి ఆగిపోయాయి. కోపమో నవ్వో తెలియలేదు.

ఒకటిన్నరకు బావ ఫోన్. వంతెన మీద లారీ అడ్డం తిరిగిందట. అప్పుడే చేరాడట.

"ఆ రికార్డులామె ఉందా?"

"ఉంది. మంచిదే. కానీ పైఆఫీసరు ఒప్పుకోవాలట. భోజనానికి వెళ్ళాడట."

రెండూ పదికి మళ్ళీ. "వచ్చాడు. ఒప్పుకున్నాడు. స్కాన్ వాళ్ళ దగ్గర పేషెంటు నంబరు వేరేదట, ఇక్కడి నంబరుతో దొరకటం లేదంటున్నారు. ఒకే బిల్డింగులో రెండు నంబర్లేంటయ్యా? మా డిపోలో బస్సుకి ఒకటే నంబరు!"

"పుట్టినతేదీతో వెతకమను బావా."

"వెతికారు. ఆ తేదీకి పదకొండుమంది వచ్చారు. ఒక్కొక్కరినీ తీసి చూస్తున్నారు. ఆమె కూడా నాతో పాటు పరుగెడుతోంది పాపం, చెప్పులు చేత్తో పట్టుకుని."

రెండూ నలభైకి నర్సు మందు పళ్ళెంతో వచ్చి గోడ పక్కన నిలబడింది. సీసా మూత తియ్యలేదు. రెండూ యాభైకి డాక్టరు గడియారం చూసి, అక్క కుడిచెయ్యి ఎత్తి వదిలింది. అది పడింది. రెండూ యాభై అయిదుకు ఆమె నర్సుకు కళ్ళతోనే చెప్పింది. పళ్ళెం వెళ్ళిపోయింది.

మూడూ ఆరుకు, నేను వరండాలో డాక్టరు దగ్గర ఉండగా, ఫోన్ మోగింది.

"లేదట!" బావ గొంతు పగిలిపోతోంది. "లేదటయ్యా! రక్తం లేదు, ఏమీ లేదు! బొప్పి మాత్రమే! ఫోటో పంపాను, చూడు! ఎక్కించమను!"

ఫోటో వచ్చింది. బావ బొటనవేలి గ్రీజు మరక కాగితం మూల మీద ఉంది. మెదడులో రక్తస్రావపు ఆనవాళ్ళు లేవని రిపోర్టులో రెండో వాక్యం. ఫోన్ పెట్టెయ్యకుండానే డాక్టరుకు చూపించాను. రెండుసార్లు చదివింది.

"పదహారు నిమిషాలే కదా మేడం," అన్నాను. ఆ మాట అన్నది నేనేనా అనిపించింది.

"గడువు గీసింది నేను కాదండీ. ఇప్పటికే కొంత భాగం చచ్చిపోయింది. అది మెత్తబడి ఉంటుంది. ఇప్పుడు ఎక్కిస్తే అక్కడే రక్తం వస్తుంది." తలుపులోంచి అక్కవైపు చూసి, "వ్యాయామాలున్నాయి. నెలలు పడుతుంది. మాట కొంత రావచ్చు. కత్తెర సంగతి చెప్పలేను," అంది.

ఫోన్ ఇంకా నా చేతిలోనే ఉంది. బావ అంతా విన్నాడు.

"నువ్వా మాట అనకపోతే పన్నెండున్నరకే ఇచ్చేవారు," అన్నాడు.

"ఇచ్చేవారు."

"ఏమీ అయ్యేది కాదు."

"అయ్యేది కాదు బావా."

"మరెందుకన్నావయ్యా?"

"తెలీదు కాబట్టి."

"ఇప్పుడు తెలిసిందిగా," అని పెట్టేశాడు.

నిజం చెప్పడం వల్ల అక్కకు హాని జరిగిందని అనుకుంటే నాకు కొంత గౌరవం మిగులుతుంది. ఆ గౌరవానికి నేను అర్హుణ్ణి కాను. చెప్పక తప్పని ఆ నిజాన్ని తయారుచేసింది రెండేళ్ళ కిందటి నా సౌకర్యం. ఆ సమావేశంలో నేను మూడో గడి అడిగివుంటే, ఈ రోజు అక్కను తీసుకురాగానే తెర మీద 'నమోదు కాలేదు' అని కనబడేది. ఫోన్లు గంట ముందే మొదలయ్యేవి.

తిరిగి మంచం దగ్గరికి వెళ్ళాను. ఎవరో చెప్పేలోపు నేనే చెప్పాలి.

"అక్కా, మందు ఇవ్వటం లేదు. టైం దాటిపోయింది. అప్పుడు నీ తలలో రక్తం రాలేదట. నేను ఆపకపోతే ఇచ్చేవాళ్ళు."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. తన ఎడమచేతిని నా చేతిలోంచి తీసేసుకుంది. దాంతో తన కుడిమణికట్టును పట్టుకుని ఎత్తి దుప్పటి మీద పెట్టుకుంది. ముడుచుకున్న వేళ్ళను ఒక్కొక్కటిగా చాపింది. చిటికెనవేలు మళ్ళీ ముడుచుకుంది. మళ్ళీ చాపింది. నావైపు చూడలేదు. పొమ్మనలేదు కూడా. నేను ఆ మంచం పక్కనే నిలబడ్డాను.