తూర్పు గట్టున మిగిలిన కాయ

ప్రొఫెసర్ బల్లమీద పెట్టిన పుర్రెకు కింది దవడ లేదు.

"అడవిపంది," అన్నాడు ఆయన. "తలకు దెబ్బ లేదు. గుండు తగల్లేదు. దవడ ఒక్కటే పోయింది. తినలేక, తాగలేక చచ్చింది. దానికి ఎన్నాళ్ళు పట్టిందో మనకు తెలీదు."

తమిళనాడులో, రాజపాళయంలో ఒక మిల్లు గెస్ట్‌హౌసు హాలు అది. పర్యావరణ శాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్ళకు అక్కడ శిక్షణ శిబిరం నడుస్తోంది. వేర్వేరు యూనివర్సిటీల నుంచి వచ్చిన పరిశోధకులు పుర్రె చుట్టూ మూగి ఫోటోలు తీసుకున్నారు. కార్తీక కూడా పరిశోధకురాలే, కాని ఆమె ముందుకు పోలేదు. దవడను ఎగరగొట్టేది ఏమిటో ఆమెకు పుర్రె చూడకముందే తెలుసు. మందు దట్టించి, నూలు చుట్టి, పైన మేకకొవ్వు పూసిన ఉండ. పంది కొరికితే పేలుతుంది. ఆమె పెరిగిన ఇంట్లో దాన్ని కాయ అంటారు. మేనమామ పొన్నుసామి కాయల్ని పిల్లలకు అందకుండా గొడ్లపాకలో ఉట్టిలో పెట్టేవాడు.

మర్నాడు చేలో శిక్షణ. పందులు తొక్కిన పైరును ఎలా కొలవాలో అక్కడ నేర్పుతారు. సేత్తూరు చుట్టుపక్కల రైతులు బయటివాళ్ళను చేలోకి రానివ్వరు. యూనివర్సిటీ అని చెప్పినా ఫారెస్టు వాళ్ళే అనుకుంటారు. రాజపాళయం పిల్ల కదా అని ప్రొఫెసర్ చేను మాట్లాడిపెట్టే పని కార్తీకకు అప్పగించాడు. ఆమె మామను అడిగింది. నాన్న పోయాక ఆరో క్లాసు నుంచి ఆమెకు అన్నం పెట్టింది ఆ ఇల్లే.

సాయంత్రం సేత్తూరుకు పోయి మామ ఎదుట కూర్చుంది.

"మామా, రేపు మావాళ్ళు వస్తారు. చేలో కాయ ఒక్కటి ఉండకూడదు."

"ఏమి పిల్లా, నాకే పాఠం సెప్తావా?" అని పొన్నుసామి నవ్వాడు. "పొద్దున్నే ఉదయుడు పోయి అన్నీ ఏరేస్తాడు. నా మాట."

"ఒట్టు పెట్టు."

"మీ అత్త మీద ఒట్టు."

"నేనెందుకు మధ్యలో? నీ మీసం మీద పెట్టుకో," అని కమలమ్మాళ్ వంటింట్లోంచి అరిచింది. "పోయినా మళ్ళా మొలుస్తుంది."

పొద్దున వ్యాను చేను దగ్గర ఆగింది. మొక్కజొన్న తల ఎత్తు పెరిగి ఉంది. పడమటి పక్క పందులు తొక్కిన చోట కంకులు నేలమీద పడి ఉన్నాయి. పొన్నుసామి, కొడుకు ఉదయకుమార్ గట్టుమీద నిలబడి ఉన్నారు. వాళ్ళ పక్కన కుక్క. రాజపాళయం జాతి, తెల్లది, పేరు సింగం. అది పొన్నుసామి చేతి అన్నం తప్ప ముట్టదు. ఆయన మీదికి ఎవరు చెయ్యెత్తినా ఆ చేతిలో ఉన్నది పట్టుకోవాలని, ఆయన చెప్పేదాకా వదలకూడదని దానికి నేర్పారు. ఆ ఇళ్ళలో కుక్కల్ని అలాగే పెంచుతారు.

"కరుస్తుందా అన్నా?" అని మాధవన్ తమిళంలో అడిగాడు. అతను కోయంబత్తూరు నుంచి వచ్చిన పరిశోధకుడు. శిబిరంలో అందరినీ నవ్వించేది అతనే.

"కరవదు తంబి. పట్టుకుంటుంది," అన్నాడు ఉదయకుమార్.

"మా గైడు కూడా అంతే. థీసిస్ పట్టుకుంటాడు, వదలడు."

పొన్నుసామి కూడా నవ్వాడు. ఆ నవ్వు మొహంమీద అలాగే ఉంచి కొడుకుతో తెలుగులో అన్నాడు: "అన్నీ ఏరినావా రా?"

"ఏరినా నాయినా. ఒకటి కానరాలే."

"యాడ?"

"తూర్పు గట్టున, పాత మోటరు రూముకి అవతల. ఊరకుక్కలు ఏమైనా లాక్కపోయినాయేమో."

"సరి. నవ్వుతా ఉండు. ఈళ్ళు పోయినాక ఎతుకుదాము."

ఇద్దరూ వచ్చినవాళ్ళ వైపు చూసి తలలూపారు. తమిళుల మధ్య తెలుగు మాట్లాడే వాళ్ళ ఇళ్ళవాళ్ళు తరాలుగా చేస్తున్న పనే అది. బస్సులో, బ్యాంకులో, తాలూకా ఆఫీసులో, బయటివాళ్ళకు వినపడకూడని మాట ఉంటే అక్కడే, వాళ్ళ ఎదుటే, గొంతు తగ్గించకుండా తెలుగులో చెప్పుకుంటారు. ఎవరికీ అర్థం కాదు. ఎప్పుడూ కాలేదు.

కార్తీకకు అర్థమైంది. వ్యాను ఎక్కండి, పోదాం అని అప్పుడే అనవలసింది. ఎందుకని అడుగుతారు. కాయ పెట్టడం నేరం. ప్రొఫెసర్ ఫోన్‌లో ఫారెస్టు రేంజరు నంబరు ఉంది.

"తూర్పు గట్టు వైపు ఎవరూ పోవద్దు," అంది తమిళంలో. "అక్కడ పాములున్నాయి."

అందరూ సరేనన్నారు. మాధవన్ మాత్రం ఆమె మొహం చూసి, తర్వాత తూర్పు గట్టు వైపు చూశాడు.

పని పడమటి పక్కన మొదలైంది. తాడుతో నేలమీద చదరం కట్టి, అందులో విరిగిన మొక్కలు లెక్కపెట్టాలి. ప్రొఫెసర్ గిట్టల అచ్చు చూపించి, పంది ఎటు నుంచి వచ్చి ఎటు పోయిందో చెప్పమని అడిగాడు. కార్తీక నేలను చూడలేదు. మనుషుల్ని చూస్తూ ఉంది. ఒకసారి తల ఎత్తేసరికి మాధవన్ లేడు.

ఆమె పరుగెత్తింది. మొక్కజొన్న ఆకులు మొహానికి కోసుకున్నాయి. వెనక ఉదయకుమార్ పరుగు వినిపించింది. అతను ఆమెను దాటి ముందుకు పోయాడు.

మోటరు రూము అవతల గట్టుమీద మాధవన్ నిలబడి ఉన్నాడు. చేతిలో మట్టి నమూనాలు తీసే ప్లాస్టిక్ సంచి. అందులో కాయ.

"డేయ్, కింద పెట్టు," అన్నాడు ఉదయకుమార్ తమిళంలో.

మాధవన్ తెలుగులో జవాబు చెప్పాడు. "నేను పుత్తూరులో సదువుకున్నా అన్నా. ఇంట్లో తమిళం, బడిలో తెలుగు. మీ నాయనా నువ్వూ మాట్లాడుకున్నదంతా విన్నా."

ఉదయకుమార్ కార్తీక వైపు తిరిగాడు. "ఈడికి మన మాట వస్తాదా? నీకు తెలుసునా?"

"తెలీదు బావా. అమ్మతోడు తెలీదు."

"తెలిసే పిలుచుకొచ్చినావు. మమ్మల్ని పట్టియ్యను పిలుచుకొచ్చినావు."

"బావా, అది పేలుతుంది. మాధవన్, మెల్లగా కింద పెట్టెయ్."

"పెడితే మాయం చేస్తారు," అన్నాడు మాధవన్. "పాములని చెప్పినావు గదా నువ్వు. ఆ పక్కకి ఎవరైనా పోయుంటే? రేపు గడ్డికి వచ్చే ఆడోళ్ళు తొక్కితే?"

ఉదయకుమార్ చేతికర్రతో కొట్టాడు. మొదటి దెబ్బ భుజంమీద పడింది. మాధవన్ సంచి ఉన్న చెయ్యి పైకెత్తి వెనక్కి జరిగాడు. రెండో దెబ్బ దవడమీద పడింది. ఎముక విరిగిన చప్పుడు కార్తీకకు వినిపించింది. కర్ర మళ్ళీ లేచింది. ఆమె దాన్ని పట్టుకుంది. ఉదయకుమార్ మోచేత్తో ఆమె మొహంమీద గుద్దాడు. ఆమె కాలువలో పడింది.

కేకలు విని పొన్నుసామి వచ్చాడు. "ఆపు రా! సచ్చిపోతాడు!" అని కొడుకు నడుం పట్టి లాగాడు. మాధవన్ నోటినిండా రక్తంతో తూలి, పడకుండా ఉండేందుకు పొన్నుసామి భుజం కోసం చెయ్యి చాచాడు. సంచి ఉన్న చెయ్యే చాచాడు.

కుక్కకు నేర్పింది అదే. అది ఎగిరి సంచిని నోట పట్టి మాధవన్ చేతిలోంచి లాక్కుంది.

"వదులు! సింగం, వదులు!" అని ఉదయకుమార్ సంచి అంచు పట్టి లాగాడు. అతని మాట అది వినదు. పొన్నుసామి నోరు తెరిచాడు, మాట బయటికి రాలేదు. కుక్క పళ్ళు బిగించింది.

కాయ పేలింది.

కార్తీక కాలువలోంచి లేచేసరికి గాలిలో మట్టి, కాలిన కొవ్వు వాసన. ఉదయకుమార్ మోకాళ్ళమీద కూర్చుని తన కుడిచేతిని చూసుకుంటున్నాడు. అరచెయ్యి తెరుచుకుంది. బొటనవేలు, చిటికెనవేలు ఉన్నాయి. మధ్య వేళ్ళు లేవు. మాధవన్ గట్టుమీద పక్కకు ఒరిగి పళ్ళు ఉమ్ముతున్నాడు. పడమటి పక్కనుంచి అరుపులు దగ్గరవుతున్నాయి.

కుక్క నిలబడే ఉంది. దాని కళ్ళకింద ఏమీ లేదు. అది నడిచి పొన్నుసామి కాళ్ళ దగ్గరికి పోయి, అన్నం పెట్టే వేళ నిలబడినట్టు నిలబడింది.

ఆయన కాలువ గట్టున ఉన్న పార తీసుకున్నాడు. ఒక దెబ్బకు అది చావలేదు. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. కదలడం ఆగిన తర్వాత కూడా ఒకటి కొట్టి, పార పడేసి, తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి కొడుకు చేతికి చుట్టాడు. ఆంబులెన్స్ వచ్చేదాకా ఆ చేతిని పైకెత్తి పట్టుకున్నాడు.

మధ్యాహ్నం ఆసుపత్రి వరండాలో సబ్ ఇన్‌స్పెక్టర్ కళైసెల్వి కార్తీకను, పొన్నుసామిని కూర్చోబెట్టింది. మాధవన్ ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నాడు. దవడకు తీగ వేసి కడతారనీ, కొన్ని వారాలు మాట్లాడలేడనీ డాక్టరు చెప్పాడు. ఉదయకుమార్‌ను మధురైకి తీసుకుపోతున్నారు. మిగతా పరిశోధకులు పేలుడు విన్నారు, అంతకుముందు జరిగింది చూడలేదు. ప్రొఫెసర్ కూడా చూడలేదు.

పొన్నుసామి తమిళంలో చెప్పాడు. "ఎవరో బయటివాళ్ళు పందికి పెట్టిపోయారమ్మా. ఆ పిల్లవాడు తెలియక చేతిలోకి తీసుకున్నాడు. నా కొడుకు లాక్కోబోయాడు. పేలింది."

"దవడ కర్రదెబ్బకు విరిగిందని డాక్టరు అంటున్నాడు."

"గట్టుమీద రాయి ఉందమ్మా. దానిమీద పడ్డాడు."

కళైసెల్వి కార్తీక వైపు తిరిగింది. కార్తీక కన్ను వాచి మూసుకుపోయింది. "నీకేమైంది?"

కార్తీక జవాబు చెప్పేలోపు పొన్నుసామి తెలుగులో అందుకున్నాడు. గొంతు తగ్గించలేదు. బస్సులో, బ్యాంకులో మాట్లాడినట్టే మాట్లాడాడు.

"సెప్పు కార్తీకా. ఎవడో పెట్టిపోయినాడని సెప్పు. రాయి మీద పడినాడని సెప్పు. నీ బావ చెయ్యి పోయింది, జైలుకి కూడా పోవల్నా? నీకు మాట ఇచ్చినా, ఏరినాము. ఒకటి తప్పిపోయింది. ఒకటే."

"ఏమంటున్నారు ఆయన?" అని అడిగింది కళైసెల్వి.

గోడవారగా కూర్చున్న కమలమ్మాళ్ తల ఎత్తింది. ఆమె ఒడిలో రక్తంతో తడిసిన తువ్వాలు ఉంది.

కార్తీక నోరు తెరిచింది. పొద్దున కూడా ఇలాగే అందరూ ఆమె మొహం చూశారు. పాములున్నాయి అంది. నమ్మనివాడు ఒక్కడే, వాడు లోపల ఆపరేషన్ బల్లమీద ఉన్నాడు.

ఆమె తమిళంలో చెప్పింది. ముందు మామ ఇప్పుడు అన్న మాటలు, వరుసగా, ఒకటీ వదలకుండా. ఏరినాము అన్నది కూడా, ఒకటే అన్నది కూడా. తర్వాత పొద్దున గట్టుమీద తండ్రీకొడుకులు అనుకున్నవి. తర్వాత కర్ర. తర్వాత కుక్క.

"పాములున్నాయని చెప్పింది నేనే," అంది చివర. "కాయ ఉందని తెలిసే చెప్పాను. అది కూడా రాసుకోండి మేడమ్."

కమలమ్మాళ్ లేచి వచ్చి ఆమెను కొట్టింది. వాచిన కంటిమీదే కొట్టింది. కార్తీక చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. మళ్ళీ చెయ్యెత్తినప్పుడు పొన్నుసామి భార్య మణికట్టు పట్టుకున్నాడు.

ఆయన కార్తీకను చూశాడు. ఆరో క్లాసు పిల్లగా ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆయన ఆమెతో తెలుగు తప్ప మాట్లాడి ఎరగడు. తిట్టినా తెలుగే, పిలిచినా తెలుగే.

ఇప్పుడు తమిళంలో అన్నాడు, నువ్వు అనకుండా మీరు అని.

"మీరు వెళ్ళండమ్మా. ఇక్కడ మీవాళ్ళు ఎవరూ లేరు."